మడత గీత లేని కాగితం

పన్నెండో వారం

పోయిన వారం మాస్టారును పెద్దాసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఆయన ఒక చేతిలో చెల్లెలి చెప్పులున్నాయి, ఇంకో చేతిలో గ్యాస్ బిళ్ళల పొట్లం. పాపం, వారం రోజులూ ఆయన్ని అలాగే నిలబెట్టినందుకు నాకూ కాస్త సిగ్గుగానే ఉంది. కథ ఇవాళే అందుకున్నవాళ్ళ కోసం, అందుకుని మరిచిపోయినవాళ్ళ కోసం కూడా, జరిగింది క్లుప్తంగా చెబుతాను.

అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి బడి పిల్లల యూనిఫాంలు కుట్టే షాపు నడుపుతున్నారు. బయటి గదిలో టేపు మెళ్ళో వేసుకుని కొలతలు తీసేదీ, వచ్చినవాళ్ళతో మాట్లాడేదీ అన్న. ఆయన్ని ఊరంతా మాస్టారనే పిలుస్తారు. లోపలి గదిలో కాగితం మీద డ్రాఫ్టింగ్ గీసి బట్ట కత్తిరించేది చెల్లెలు. ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు. పనివాళ్ళకు కటింగ్ మేడం, ఇంట్లోవాళ్ళకు బుల్లి. ఆమెకు ఆటిజం ఉందని రెండేళ్ళ కిందట ఒక డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. మాస్టారు దాన్ని బీరువాలో బట్టల కింద భద్రంగా దాచి, మా బుల్లి బుల్లే, దానికింకో పేరెందుకన్నాడు. ఆ మాట ప్రేమతోనే అన్నాడు. చిక్కేమిటంటే ఆ ప్రేమ కూడా కాగితంతో పాటు బీరువాలోనే ఉండిపోయింది, పనికి రాలేదు.

సోమవారం నాడు బుల్లి కటింగ్ బల్ల దగ్గర కత్తెర వదిలేసి నేల మీద ముడుచుకుపోయింది. మాస్టారు కంగారుగా ఆసుపత్రికి ఎత్తుకొచ్చాడు. అక్కడ నెత్తిన తెల్లటి లైట్లు, గోడకు మైకు, ఒక్కసారిగా మీద పడిన అయిదు చేతులు. బుల్లి చెప్పులు కూడా వదిలేసి ఇంటికి పరుగు తీసింది. డ్యూటీ డాక్టరు ఏమైందని మాస్టారును అడిగాడు. మాస్టారు గ్యాస్ అయ్యుంటుందన్నాడు. డాక్టరు గ్యాస్ అని రాశాడు. అలా బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డప్పుడే, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక డాక్టరమ్మ ఆయన చేతిలోని ఆడవాళ్ళ చెప్పులు చూసి ఆగింది. సంగతి విని, గురువారం ఉదయం ఏడింటికల్లా వెనక గేటు నుంచి రమ్మంది. పరగడుపున తీసుకురమ్మంది. మనం అక్కడ ఆగాం.

ఇప్పుడు గురువారం ఉదయం ఏడుకి అయిదు నిమిషాలు తక్కువ.

వెనక గేటు దగ్గర జనం లేరు. దుప్పట్లు ఉతికే గది ముందు నుంచి పొడవాటి వరండా, ఆ చివర డాక్టరమ్మ గది. వరండాలో ఒక ఆయా నేల తుడుస్తోంది. ఆమె కూడా బకెట్టు చప్పుడు చేయకుండా తుడుస్తోందని మాస్టారు గమనించాడు. ఎవరో చెప్పి ఉంచినట్టున్నారు. బుల్లి వరండా పొడవునా తలెత్తకుండా, కానీ ఆగకుండా నడిచింది. చంకలో ఒక కాగితం చుట్ట ఉంది. ఇక్కణ్ణుంచి నేరుగా షాపుకు, పనికి పోవాలని తెచ్చుకుందేమో అనుకుని మాస్టారు అడగలేదు.

నిన్న డాక్టరమ్మ ఒక చీటీ రాసి, దాన్ని ఫొటో తీసి మాస్టారు ఫోనుకు పంపింది. ఎన్ని గంటలకు రావాలి, ఏ తలుపు తీసుకుని లోపలికి రావాలి, గదిలో ఎవరెవరుంటారు, ఏం చేస్తారు, ఏం చేయరు, అన్నీ వరసగా రాసి ఉన్నాయి. కింద ఆ గది ఫొటో కూడా. మాస్టారుకు నవ్వొచ్చింది, ఇదేమన్నా సినిమాహాలా సీట్లు చూపించడానికి అని భార్యతో అన్నాడు. బుల్లి మాత్రం దాన్ని నాలుగుసార్లు చదివి, తొమ్మిదింటికల్లా పడుకుంది. ఆసుపత్రి అంటే ముందు రోజు నుంచి అన్నం ముట్టని మనిషి, నిన్న రాత్రి కడుపునిండా తిని మరీ పడుకుంది. ఆ సంగతి మాస్టారు భార్య చెబితేనే ఆయనకు తెలిసింది.

గదిలో పైలైటు ఆర్పేసి ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలు. డాక్టరమ్మకు నలభై దాటి ఉండవు, కళ్ళ కింద నిద్రలేమి, పెదాల మీద మాత్రం తీరిక. కూర్చోమని ఇద్దరికీ చెప్పింది. బుల్లి వైపు తిరిగి, "మిమ్మల్నేమని పిలవమంటారు?" అని అడిగింది.

ఆ 'మీరు' అన్న మాట మాస్టారు చెవిన గట్టిగానే పడింది. ముప్ఫై ఆరేళ్ళలో ఏ డాక్టరూ బుల్లిని మీరు అనలేదు. పిల్లదానికిందే లెక్క కట్టి, నోరు తెరువమ్మా, చెయ్యి చాపమ్మా అనేవాళ్ళు. అంతకుముందు ఇది ఆయనకెప్పుడూ వింతగా తోచలేదు.

"బుల్లి అనండి మేడం, ఇంట్లో అలాగే పిలుస్తాం," అన్నాడు మాస్టారు.

బుల్లి గోడ వైపు చూస్తూ, "కటింగ్ మేడం," అంది. డాక్టరమ్మ అదే రాసుకుంది.

వయసు అడిగింది, మాస్టారు చెప్పాడు. నొప్పి ఎప్పట్నుంచని అడిగింది, ఈ మధ్యనే అని మాస్టారు చెప్పాడు. తిండి సరిగ్గా తింటారా అంటే ఎక్కడ తింటుందండీ, పని పిచ్చి, అని అదీ చెప్పాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. అమ్మ పోయే ముందు చెల్లెల్ని ఆయన చేతిలో పెట్టి పోయింది. అప్పట్నుంచి బడిలో, బ్యాంకులో, బస్సులో, ఎక్కడ ఎవరు ఏమడిగినా బుల్లి నోరు తెరిచేలోగా ఆయన నోరు తెరుచుకునేది. ఇరవై రెండేళ్ళు అదే పనిగా చేస్తే ఎవరికైనా అది అలవాటు కాక మరేమవుతుంది.

నాలుగో ప్రశ్నకు కూడా ఆయనే నోరు తెరవబోతే డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మాస్టారూ, ఒకటడుగుతాను. మీ షాపుకొచ్చిన మనిషి కొలతలు పక్కనున్నవాళ్ళని అడిగి రాసుకుంటారా?"

"అదెలా కుదురుతుందండీ, టేపు ఆ మనిషికే పెట్టాలి గదా," అన్నాడు మాస్టారు ఠక్కున. అనేశాక గానీ తానేమన్నాడో తనకు అర్థం కాలేదు. డాక్టరమ్మ నవ్వలేదు, దెప్పలేదు. గోడ పక్కనున్న కుర్చీ చూపించి, మీరు ఇక్కడే ఉండండి, కానీ నేను అడిగేదాకా మాట్లాడొద్దు అని మర్యాదగానే చెప్పింది. మాస్టారు లేచి ఆ కుర్చీలోకి మారాడు. ఊళ్ళో ఎమ్మెల్యే కోటు కొలతలు తీసేటప్పుడు కూడా గడగడా మాట్లాడే మనిషి, నోరు కట్టేసుకుని చేతులు రెండు మోకాళ్ళ సందున పెట్టుకున్నాడు.

ఎక్కడ నొప్పి అని డాక్టరమ్మ అడిగింది, బుల్లి జవాబు చెప్పలేదు. డాక్టరమ్మ మళ్ళీ అడగలేదు, ఊరికే కూర్చుంది. ఒక నిమిషం గడిచింది, రెండయింది. మాస్టారుకు ఒంట్లో జెర్రులు పాకుతున్నట్టుంది. జవాబు నాలుక చివర ఉంది, పళ్ళ బిగువున ఆపుకుంటున్నాడు. చెప్పేస్తే అయిపోయేదానికి ఈ మౌనవ్రతం ఏమిటని లోపల్లోపలే గొణుక్కున్నాడు.

తరవాత డాక్టరమ్మ, పదికి ఎంత నొప్పి వేస్తారని అడిగింది. బుల్లి ఈసారి వెంటనే పలికింది, పదంటే ఎంత అని. మీరు ఊహించుకోగలిగిన నొప్పులన్నిటికంటే పెద్దది అంది డాక్టరమ్మ. నేను అలాంటివి ఊహించుకోను అంది బుల్లి. డాక్టరమ్మ ఫక్కున నవ్వి, నిజమే, నేనూ ఊహించుకోను, ఎవరు పెట్టారో ఈ ప్రశ్న అంటూ కాగితం మీద ఆ గడి అడ్డంగా కొట్టేసింది. బుల్లి భుజాలు కాస్త దిగాయి. కాసేపటికి తనంతట తానే లేచి, చంకలోని కాగితం చుట్ట విప్పింది.

అది షాపులో వాడే ముదురు రంగు డ్రాఫ్టింగ్ కాగితం. బల్ల మీద పట్టలేదు. డాక్టరమ్మ పరీక్ష మంచం మీది దుప్పటి తీసేసి, అక్కడ పరిచింది. రెండు ముక్కలు. ఒకటి ముందు భాగం, ఒకటి వెనక భాగం. మెడ, భుజం, చంక, నడుము, అన్నీ నిలువెత్తు కొలతలతో గీసి ఉన్నాయి. బుల్లి సొంత కొలతలే అవి, మాస్టారు చూడగానే పోల్చుకున్నాడు. ముందు ముక్క మీద పక్కటెముకల కింద చాక్ గీతలు, ఒకదాని మీద ఒకటి. వెనక ముక్క మీద రెక్క ఎముక దగ్గర ఇంకొన్ని. ప్రతి గీత పక్కనా చీమ తలకాయంత అక్షరాలతో తేదీ, వేళ, కొన్నిటి పక్కన ఇంకేవో మాటలు. తెల్ల చాక్ గీతలు అరగంట లోపు తగ్గినవట, నీలం గంట దాటినవట, ఎరుపు తెల్లారేదాకా ఉన్నవట. ఆ వివరమంతా కాగితం మూలన రాసి ఉంది. లెక్కపెడితే మొత్తం ముప్ఫై ఒకటి. మొదటిది పద్నాలుగు నెలల నాటిది.

పద్నాలుగు నెలలు. మాస్టారు ఆ తేదీని మళ్ళీ చదివాడు. పక్క గదిలో, పదడుగుల దూరంలో, తాను కొలతలు అరిచి చెబుతుంటే ఇది వింటూ ఇవి గీసుకుందా.

డాక్టరమ్మ వంగి, వేలు పెట్టకుండా, ఒక్కొక్క గీతా చదివింది. చాలాసేపటికి తలెత్తి, ఇది ఒంట్లో సగమే కదా, మిగతా సగం ఏదీ అని అడిగింది. బుల్లి జవాబు వెతుక్కుంటూ ఉంది. అడిగేదాకా మాట్లాడొద్దన్నారు గానీ, ఇది తన వృత్తి సంగతి. మాస్టారు ఇంక ఆగలేకపోయాడు.

లేచొచ్చి ఎంతో ఉత్సాహంగా వివరించాడు. కటింగ్ చేసేవాళ్ళు ఒంటిని సగమే గీస్తారు. బట్టను రెండు మడతలు వేసి, మడత అంచున ఈ కాగితం పెట్టి కత్తిరిస్తే విప్పేసరికి రెండు వైపులా ఒకేలా వస్తుంది. నిండుగా గీస్తే కాగితం దండగ. అందుచేత ఇక్కడ గీసిన ప్రతిదీ రెండో పక్క కూడా ఉన్నట్టే. నొప్పి రెండు వైపులా అన్నమాట, అని ముగించాడు. వైద్యంలో అక్షరం కూడా నేర్వకుండానే డాక్టరుకు సాయపడ్డానన్న తృప్తి ఆయన మొహంలో కనిపించింది.

డాక్టరమ్మ ఓహో అంది. ఆ ఓహోలో కాస్త నీరసం ఉంది. రెండు పక్కలా, వీపంతా అయితే కండరాల నొప్పి కావచ్చు, ఇన్ని గంటలు వంగి పని చేస్తారు కాబట్టి, లేదా మీరన్నట్టు గ్యాసే కావచ్చు, అంటూ కలం తీసి రాయబోయింది. స్కాన్ ఇవాళే అవసరమా అన్నది చూద్దామంది. బుల్లి ముందుకూ వెనక్కూ ఊగడం మొదలుపెట్టింది. మెల్లగా ఊగడం మామూలే, ఇప్పుడు వడిగా ఊగుతోంది. మాస్టారు అలవాటు కొద్దీ, దానికి కంగారొస్తే అంతేనండీ, మీరు రాయండి అన్నాడు.

"మడత గీత లేదు," అంది బుల్లి.

మాస్టారు ఏమిటన్నాడు. బుల్లి అదే మాట మళ్ళీ అంది. ఇంకా గట్టిగా అంది.

మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని కాగితం మీదికి వంగాడు. వాళ్ళ నాన్న పెట్టిన పద్ధతి ఒకటుంది ఆ షాపులో. మడత మీద పెట్టాల్సిన ముక్కకు ఆ అంచున ఎర్ర పెన్సిలుతో జంట గీతలు గీయాలి, దాన్నే మడత గీత అంటారు. ఆ గీతలు లేకపోతే అది ఒంటి ముక్క. జేబు, పట్టీ లాగా జంట లేకుండా ఒక పక్కకే వచ్చేది. రెండో పక్క దానికి లేదు. కొత్తగా చేరిన పనివాళ్ళకు మొదటి రోజు మాస్టారు నేర్పే పాఠమే అది. జంట గీతలు చూడకుండా కత్తెర పెట్టినవాణ్ణి ఆయన తిట్టే తిట్లు వీధి చివరికి వినిపిస్తాయి.

ఈ కాగితం అంచున జంట గీతలు లేవు. ముందు ముక్కకూ లేవు, వెనక ముక్కకూ లేవు. అడుగున, చుట్టుకుపోయి ఉన్న మూలను విప్పితే రెండు మాటలున్నాయి. కుడి. ఒకటే.

ముప్ఫై ఏళ్ళ అనుభవం. తల కొట్టేసినట్టయింది మాస్టారుకు. చూడక కాదు, చూడాలనిపించక. చెల్లెలు గీసింది సగం కనబడగానే మిగతా సగం తానే పూరించేశాడు. ఇవాళ కాగితం మీద చేసిన పని, ఇన్నాళ్ళూ దాని మాటల మీద చేస్తూ వచ్చాడని ఆయనకు ఒక్కసారిగా తోచింది. ఎంతో సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చేదే గానీ, అక్కడ ఏడ్వడానికి వీల్లేదు, ముందు చెప్పాల్సిన మాట ఉంది.

"నాదే పొరపాటండీ. ఇది ఒంటి ముక్క. నొప్పి కుడి పక్కనే, రెండో పక్క లేదు. నేను సరిగ్గా చూడలేదు."

డాక్టరమ్మ రాసిన సగం మాట కొట్టేసింది. మళ్ళీ మంచం దగ్గరికి వచ్చి, ముందు ముక్కలో కుడి పక్కటెముకల కింద, వెనక ముక్కలో కుడి రెక్క దగ్గర మార్చి మార్చి చూసింది. ఎరుపు గీతల పక్కన రాసినవి ఈసారి బయటికి చదివింది. వేయించినవి తిన్న గంటన్నరకు. మీగడ తిన్న రెండు గంటలకు. మళ్ళీ వేయించినవి. ఇవి ఎందుకు రాశారని బుల్లిని అడిగింది. తగ్గాక ఏం తిన్నానో గుర్తుచేసుకునేదాన్ని అంది బుల్లి. ఈ మాట అంటూ డాక్టరమ్మ వైపు చూడలేదు గానీ, ఊగడం మాత్రం ఆపేసింది.

"మరి ఇంట్లో ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

"మొదటిసారి చెప్పాను. అన్నయ్య గ్యాస్ అన్నాడు. నాకు తెలీదు కాబట్టి గ్యాస్ అనుకున్నాను. బిళ్ళ వేసుకుంటే తగ్గలేదు. అయితే గ్యాస్ కాదన్నమాట. కానీ ఏమిటో నాకు తెలీదు. తెలీనిది ఎలా చెప్తాను? అందుకని గీశాను."

ఇందులో నిష్ఠూరం ఏమీ లేదు, అదే మాస్టారుకు మరీ కష్టమనిపించింది. బుల్లికి నిష్ఠూరాలాడటం రాదు. జరిగింది జరిగినట్టు చెబుతుంది. తిట్టినా బాగుండును అనుకున్నాడు ఆయన.

స్కాన్ గది పక్కదే. ఇక్కడ కూడా లైట్లు ఆర్పేసి ఉన్నాయి, మిషను తెర వెలుగొకటే ఉంది. పొట్టకు పూసే జెల్లు సీసాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టారు, చల్లగా తగలకుండా. స్కాన్ చేసే ఆమె పెద్దావిడ, మెత్తటి మనిషి. బుల్లి మంచం మీద పడుకుని చొక్కా అంచు తనే పైకి మడుచుకుంది. ఇంతకుముందు ఒకసారి, మూడేళ్ళ కిందట అనుకుంటా, ఇలాంటి గదిలోంచే బుల్లి మిషను తోసేసి బయటికొచ్చింది. మాస్టారుకు అది గుర్తొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు. స్కాన్ ఆమె వేళ్ళ కొసలతో, పువ్వును ముట్టుకున్నట్టు, జెల్లు రాయబోయింది. బుల్లి ఒళ్ళంతా కొయ్యబారిపోయింది. చేతులు రెండూ పిడికిళ్ళు పడ్డాయి.

"మెల్లగా అమ్మా, మెల్లగా. దానికి ముట్టుకుంటే పడదు," అన్నాడు మాస్టారు గుమ్మంలోంచి.

"మెల్లగా వద్దు. గట్టిగా," అంది బుల్లి. "మెల్లగా ముట్టుకుంటే మండుతుంది. గట్టిగా నొక్కితే ఏం కాదు."

స్కాన్ ఆమె డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ, ఆవిడ చెప్పినట్టే చేయండి అంది. అరచెయ్యి మొత్తం ఆనించి, మిషను కొనను నిబ్బరంగా నొక్కి పట్టింది ఆమె. బుల్లి పిడికిళ్ళు విడిపోయాయి. ఊపిరి దీర్ఘంగా వదిలి కళ్ళు మూసుకుంది.

మాస్టారు వరండాలోకి వచ్చి గోడకు ఆనుకున్నాడు. టీకా వేసే నర్సుకు, పళ్ళ డాక్టరుకు, జుట్టు కత్తిరించే ఆమెకు, ఇన్నేళ్ళుగా అందరికీ ముందే వెళ్ళి ఒకటే మాట చెప్పి ఉంచేవాడు. మా చెల్లెలండీ, మెల్లగా పట్టుకోండి అని. బతిమాలి మరీ చెప్పేవాడు. వాళ్ళు మెల్లగా పట్టుకునేవాళ్ళు, ఇది మంట తాళలేక పారిపోయేది, ఈయన ఇంకో చోట ఇంకా మెల్లగా అని చెప్పేవాడు. తలుచుకుంటే ఆయనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయా బకెట్టు పక్కన పెట్టి, లోపల బాగానే ఉందా బాబూ అని అడిగింది. బాగుందమ్మా, నాకంటే బాగుంది అన్నాడు మాస్టారు.

పది నిమిషాల్లో లోపలికి పిలిచారు. డాక్టరమ్మ తెరను బుల్లి వైపు తిప్పి ఉంచింది, ఆయన వైపు కాదు. గాల్ బ్లాడర్‌లో రాళ్ళు, మూడు. వాటిలో ఒకటి ఆ తిత్తి మెడ దగ్గర అడ్డంగా కూర్చుంది. నొప్పి వచ్చినప్పుడల్లా వీపుకు పాకింది అందుకే. సోమవారం లాంటి నొప్పి మళ్ళీ వస్తే చీము పట్టొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేసి తీసేయడం మంచిది. చిన్న గాట్లు నాలుగే, రెండు రోజులు ఉంటే చాలు. ఇదంతా వరసగా, తొందర లేకుండా చెప్పింది. బుల్లి తెర మీది నల్లటి మచ్చను చూస్తూ, పెద్ద రాయి ఎంతుందని అడిగింది.

"పదకొండు మిల్లీమీటర్లు."

"చొక్కా గుండీ అంత," అంది బుల్లి. మొదటిసారి ఆమె మొహం విప్పారింది. పేరు తెలియని నొప్పి పద్నాలుగు నెలలు ఒంట్లో పెట్టుకున్న మనిషికి దాని కొలత తెలిసింది. ఆ ఆనందం ఏమిటో కొలతలతో బతికేవాళ్ళకే తెలుస్తుంది. మాస్టారుకు తెలిసింది. మూడు గుండీలు మింగి కూర్చున్నావన్నమాట అన్నాడు. రెండు చిన్నవి, కాలరు గుండీలు అంది బుల్లి. డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, వీళ్ళు ఆపరేషన్ సంగతి విన్నారో లేదో అన్నట్టు తల ఆడించింది.

తిరిగి ఆమె గదికి వచ్చారు. బయట తొమ్మిది కావస్తోంది, ముందు హాలులో జనం చప్పుడు మొదలైంది. డాక్టరమ్మ తలుపు వేసి, తెల్ల కాగితం ఒకటి తీసింది. ఆపరేషన్ వచ్చే బుధవారం పెట్టుకుందామంది. మీరు ఒప్పుకుంటారా అని బుల్లిని అడిగింది. మాస్టారు నోరు తెరిచి, తనంతట తానే మూసుకున్నాడు. ఇంత ముసలితనంలో కొత్త విద్య పట్టుబడుతోందని తనను తాను మెచ్చుకున్నాడు కూడా. బుల్లి ఒప్పుకుంటానంది.

అయితే రెండు రోజులు ఇక్కడ ఉండటానికి మీకేం కావాలో చెప్పండి, రాసి వార్డులో అందరికీ ఇస్తాను అంది డాక్టరమ్మ. బుల్లి చాలాసేపు ఆలోచించింది. ఎవరూ తొందరపెట్టలేదు. మాస్టారుకు కూడా ఈసారి ఆ నిశ్శబ్దం అంత బరువనిపించలేదు. కిటికీలోంచి వచ్చే ఎండ మంచం మీది కాగితం మీద పడుతోంది. గండం గట్టెక్కినట్టేనని, ఇంటికి పోయి భార్యకు ఇదంతా వరసగా చెప్పాలని, వారం పాటు షాపు మూసేసి చెల్లెలి మంచం పక్కనే ఉండిపోవాలని ఆయన అప్పుడే మనసులో ఏర్పాట్లు చేసేసుకుంటున్నాడు. చాలా రోజులకు ఆయన ప్రాణం హాయిగా ఉంది.

మంచానికి పైలైటు వెలిగించకూడదు, అంది బుల్లి. డాక్టరమ్మ రాసుకుంది. ముట్టుకునే ముందు చెప్పాలి, గట్టిగా ముట్టుకోవాలి. అదీ రాసుకుంది. ఆసుపత్రి గౌను మెడ దగ్గర ముడులు గీరుకుంటాయి, నా గౌను నేనే కుట్టుకొస్తాను. డాక్టరమ్మ నవ్వుతూ అదీ రాసుకుని, ఇంకేమన్నా అని అడిగింది.

"అన్నయ్య ఉండకూడదు."

డాక్టరమ్మ కలం ఆగింది. మాస్టారు తాను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. బుల్లి ఆయన వైపు తిరిగింది. కళ్ళలోకి చూడలేదు, ఎప్పుడూ చూడదు. ఆయన చొక్కా రెండో గుండీ దగ్గర చూపు నిలిపి, ఇంట్లో కూర పాడైందని చెప్పేటంత మామూలుగా చెప్పింది.

"నువ్వుంటే అందరూ నిన్నే అడుగుతారు. నువ్వు చెప్పేస్తావు. నువ్వు మంచివాడివి. కానీ ఉండకూడదు."

మాస్టారు పెంచిన చేతులు రెండూ ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. నొచ్చుకున్నాడు, బాగా నొచ్చుకున్నాడు. ఆ నొప్పి అడుగున ఇంకోటి ఉంది, దానికి ఆయన దగ్గర పేరు లేదు. తన చెల్లెలు మొదటిసారి తనకు ఏం కావాలో పొల్లు పోకుండా చెప్పింది, అదీ బయటి మనిషి ముందు. అందులో తప్పు పట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు. సరే అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి చాలాసేపు పట్టింది.

డాక్టరమ్మ కాస్త ఆగి, ఆపరేషన్ అయ్యాక పక్కన ఎవరో ఒకరు ఉండి తీరాలండీ, అది ఆసుపత్రి నియమం అంది. మరి ఎవరుంటారు, మీ వదినగారా అని అడిగింది. బుల్లి కాదని తలూపి, పది అంకెల ఫోన్ నంబరు ఒకటి తడుముకోకుండా చెప్పింది.

మాస్టారు తల ఎత్తాడు. బుల్లి ఫోనులో ఉన్న నంబర్లు ఏడే ఏడు, ఏడూ ఆయనే ఎక్కించాడు. షాపు, ఇల్లు, వదిన, తాను, బట్ట తెచ్చేవాడు, గుండీలు తెచ్చేవాడు, అంబులెన్సు. ఇది వాటిలో లేదు. లోపలి గదికీ ఇంటికీ తప్ప మరో చోటికి పోని మనిషికి ఎనిమిదో నంబరు ఎక్కడిది?

మాట్లాడవచ్చా అని డాక్టరమ్మ అడిగితే బుల్లి ఊఁ అంది. డాక్టరమ్మ బల్ల మీది ఫోనులో నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టింది. రెండో మోతకే ఎత్తారు. అది ఒక ఆడగొంతు. ఎత్తూ పల్లం లేకుండా, తొందర లేకుండా, ఒక్కొక్క మాటా విడివిడిగా, అచ్చం బుల్లి మాట్లాడినట్టే ఉంది.

"స్కాన్ అయిందా? నువ్వే చెప్పావా, మీ అన్నయ్య చెప్పారా?"

"నేనే చెప్పాను," అంది బుల్లి.

"మంచిది. ఆ రెండో సంగతి?"

బుల్లి మంచం మీది కాగితం చుట్టడం మొదలుపెట్టింది. మాస్టారు కుర్చీలోంచి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎవరమ్మా మీరు? ఏ రెండో సంగతి?" అన్నాడు.

"అన్నయ్యగారా? మీకు ఇంకా చెప్పలేదా?" అంది ఆ గొంతు.